పాతది పైన

తాడేపల్లిగూడెం,
12 జూన్ 2025

అమ్మాయ్ భార్గవీ,

ఉత్తరం మొదట్లో క్షేమం రాయాలంటారు. చెవులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి. మిగతాది క్షేమం.

నీ ఉత్తరం అందింది. చదవడానికి రెండు రోజులు పట్టింది. చీమల బారులాగా ఉంది నీ రాత. ఈసారి అక్షరాలు పెద్దవిగా రాయి. నేను మూడో తరగతి తప్పినవాణ్ణి. నా అక్షరాలు పలక మీద నేర్చినవి కావు, పేపరు హెడ్డింగులు చూసి నేర్చినవి. హెడ్డింగు సైజుంటే చదువుతాను. లేకపోతే పక్కన పెడతాను.

మీ నాన్న పోయి రెండేళ్ళు. నా తోడబుట్టిన తమ్ముడి ఇంటి నుంచి ఈ రెండేళ్ళలో నాకు వచ్చిన మొదటి కబురు ఇది. అందులో నా క్షేమం ఒక్క వాక్యం. పేపర్లు ఎలా సర్దేవారు పెదనాన్నా అని రెండు పేజీలు. ఫరవాలేదు. పనుంటేనే గదా ఎవరైనా తలుపు కొట్టేది.

ఏదో యాప్ చేస్తున్నానన్నావు. ఎక్కడెక్కడో ఎవరెవరో రాసేవన్నీ ఒక్కచోటికి ఏరుకొచ్చి, ఎవరికి కావలసినవి వాళ్ళకి పెట్టేది అన్నావు. అది నేను నలభై నాలుగేళ్ళు చేశానమ్మా, సైకిలు మీద. దానికి యాప్ అని పేరుందని నాకు తెలీదు.

అడిగావు గనక చెప్తున్నాను. తెల్లారగట్ట నాలుగింటికి స్టేషను ముందు వ్యానులు పేపరు కట్టలు దింపేవి. కట్టలు విప్పి ఏ పేపరుకి ఆ పేపరు గుట్ట పెట్టేవాణ్ణి. జిల్లా పేపరు లోపల దూర్చేవాణ్ణి. తర్వాత నా లైనులో ఇళ్ళు ఏ వరసలో వస్తాయో ఆ వరసలో సంచిలో సర్దేవాణ్ణి, ఆఖరి ఇల్లు అన్నిటికంటే అడుగున. ఏ ఇంటికి ఏ పేపరో ఎక్కడా రాసుకోలేదు. గుమ్మం చూస్తే పేపరు గుర్తొచ్చేది. ఇప్పటికీ వస్తుంది. మనుషుల పేర్లే మర్చిపోతున్నాను.

ఇంకొకటుంది. అది నీ యాప్‌కి పనికిరాదేమో, అయినా రాస్తున్నాను. పేపరు వేసి వెళ్ళిపోవడం సగం పనే. నిన్నటి పేపరు తీశారా లేదా చూడటం మిగతా సగం. మా లైనులో సుగుణ టీచరుగారని ఒక్కతే ఉండేది. ఒకరోజు నిన్నటి పేపరు గుమ్మంలోనే ఉంది. నిద్రపోతోందేమో అనుకున్నాను. రెండో రోజు కూడా ఉంది. ఊరెళ్ళిందేమో అనుకున్నాను, కానీ ఊరెళ్తే ఆవిడ ముందే చెప్పేది. మూడో రోజు తలుపు కొట్టాను. పలకలేదు. నలుగుర్ని పిలిచి తలుపు తోయించాను. స్నానాల గదిలో పడిపోయి ఉంది, ప్రాణంతోనే. ఆ తర్వాత ఆరేళ్ళు బతికింది. ఆ ఆరేళ్ళూ ‘ఏవండీ పాండురంగారావు గారూ, ఇవాళా బతికే ఉన్నానండీ’ అని నవ్వుతూ పేపరు చేతిలోంచి తీసుకునేది.

మూడు పేపర్లు పడుంటే తలుపు కొట్టాలి. అదీ మా లెక్క.

కిందటేడు ఏజెన్సీ వదిలేశాను. ఇప్పుడు తెల్లారగట్ట మూడున్నరకి మెలకువ వస్తుంది, ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు.

ఇట్లు,
పాండురంగారావు


వట్లూరు, ఏలూరు,
21 జూన్ 2025

పెదనాన్న గారికి,

భార్గవి నమస్కారాలు. అక్షరాలు పెద్దవి చేశానండి. ఒక పేజీ విషయం మూడు పేజీలైంది. పోస్టుమ్యాను మోయలేనంటే మీదే బాధ్యత.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీరు చెప్పిన పద్ధతే నాకు కావలసింది. కొన్ని సైట్లవాళ్ళు కొత్తది రాసినప్పుడల్లా ‘ఇదిగో కొత్తది’ అని గుమ్మం బయట ఒక చీటీ పెడతారండి. దాన్ని ఫీడ్ అంటారు. నా యాప్ ఆ చీటీలన్నీ ఏరుకొచ్చి ఒక్కచోట పేరుస్తుంది. అంతే. ప్రకటనలుండవు. మీరు అడగనిది ఒక్కటీ ఉండదు. చదవడం అయిపోతే ‘అయిపోయింది’ అంటుంది. ఇప్పుడున్నవేవీ అయిపోవు పెదనాన్న గారూ, ఎంత తోసినా కిందనుంచి ఇంకోటి వస్తూనే ఉంటుంది. నేను హైదరాబాదులో ఆరేళ్ళు అలాంటివి తయారుచేసే కంపెనీలోనే పనిచేశాను. జనం కళ్ళు తిప్పుకోకుండా చూడటమే అక్కడ నా పని. కిందటి ఏడాది మానేశాను. మానేశానని అందరికీ చెప్పాను గానీ, వాళ్ళే మాన్పించారు. మీకు అబద్ధం రాయలేకపోతున్నాను.

ఇప్పుడు ఇక్కడ ఒక కాలేజీలో సగం పూట పాఠాలు చెబుతున్నాను. మేడ మీద ఒక గది. కింద ఇంటివారు కృపమ్మ గారు. అమ్మ బెంగళూరులో చెల్లి హిమబిందు దగ్గరే ఉంటోంది. గదికి పేపరు కూడా వేయించుకుంటున్నానండి, మీరు ఎప్పుడైనా వస్తే తిడతారని.

బస్సు పార్సిల్లో ఒక ఫోను పంపుతున్నాను. మాట్లాడటానికి కాదు, చదువుకోవడానికి. అక్షరాలు హెడ్డింగు సైజులో పెట్టాను. మీ ఊరి ఉల్లిపాయల మార్కెట్టు కబుర్లు, జిల్లా వార్తలు, ఇంకా కొల్లేటి పక్షుల గురించి ఆటపాక నుంచి సత్యవేదం మాస్టారని ఒకాయన రాసేవి పెట్టాను. దొడ్డమ్మది కైకలూరు గదా, మీకు ఇష్టమనిపించింది. కొత్తది ఎప్పుడూ అన్నిటికంటే పైన ఉంటుంది. మీరే నా మొదటి చందాదారు. దీనికి ఒక పేరు కూడా మీరే చెప్పండి.

నాన్న సంగతి. నాన్న పోయిన రోజు మేము మీ ఇంటి ఫోనుకి పంతొమ్మిది సార్లు చేశామండి. మీరు తీయలేదు. కావాలనే తీయలేదనుకుంది అమ్మ.

మీ
భార్గవి


తాడేపల్లిగూడెం,
3 జూలై 2025

భార్గవీ,

పార్సిలు చేరింది. పక్కన సైకిలు షాపు సత్తిరాజు ఫోను తెరిచి ఇచ్చాడు. ‘ఏంటి బాబాయ్, ఈ వయసులో సెల్లు? ఎవరికి కొడతావ్?’ అన్నాడు. చదువుకోడానికిరా అంటే నవ్వాడు. వాడి షాపులో పంక్చరు డబ్బా కంటే ఆ ఫోనే ఎక్కువ తెరుచుకుంటుంది, వాడు నన్ను చూసి నవ్వుతాడు.

యాప్ బాగుంది. ఒక్క తప్పుంది. పెద్ద తప్పు. కొత్తది పైన పెట్టావు.

ఊరెళ్ళి పది రోజులకి తిరిగొచ్చినవాడు పేపర్లు ఎలా చదువుతాడో ఎప్పుడైనా చూశావా? పాతది ముందు తీస్తాడు. అందుకే అలాంటి ఇంటికి నేను పాతది పైన పెట్టి కట్టేవాణ్ణి. కొత్తది ముందు చదివితే ఏమవుతుందో తెలుసా? ముందు మనిషి పోయిన కబురు, ఆ తర్వాత జబ్బు చేసిన కబురు.

నాకు మీ నాన్న కబురు అట్లాగే వచ్చింది.

పంతొమ్మిది సార్లు మోగించామన్నావు. చెవిటివాడి ఫోను నూట పంతొమ్మిది సార్లు మోగినా ఒకటే. మనిషిని పంపొచ్చుగా? ఏలూరు నుంచి గూడెం ఎంత, ప్యాసింజరుకి గంట. ఆ తెల్లారి నేను స్టేషను ముందు జిల్లా పేపరు మడత పెడుతున్నాను. ఆరో పేజీ కింద మీ నాన్న అమరేశ్వరం ఫొటో. ఫొటోనే ముందు చూశాను. అక్షరాలు నాకు ఆలస్యం గదా. వాడికి ఏదో సన్మానం చేశారనుకున్నాను. సంతోషించాను కూడాను. పక్కవాడికి చూపించాను, మా తమ్ముడూ అని. వాడు చదివి నా మొహం చూశాడు.

ఆ రోజు నా లైనులో నూట ఇరవై ఇళ్ళకి ఆ ఫొటో నా చేత్తోనే వేశాను.

అప్పుడనుకున్నాను, కబురు పంపని ఇంటి గడప తొక్కనని. తొక్కలేదు. తొక్కను.

కొల్లేటి మాస్టారు రాసేది బాగుంది. మీ దొడ్డమ్మ గూడబాతుల గురించి చెప్పినవన్నీ అబద్ధాలనుకునేవాణ్ణి. ఆ ముక్కు కింద సంచిలో చేపలు నిజంగానే పడతాయట. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయ్యాక ఒప్పుకుంటున్నాను.

పేరు అడిగావు. కట్ట అని పెట్టు. అందులో పాంప్లెట్లు దూర్చవా? దూరిస్తే నాలుగు డబ్బులొస్తాయి. నేను దూర్చేవాణ్ణి. చీరల షాపువి, దంతాల డాక్టరువి.

రోజూ తెల్లారగట్ట నాలుగున్నరకి తీస్తున్నాను. నీకు తెలుస్తూనే ఉంటుందిగా.

పాండురంగారావు


వట్లూరు,
16 జూలై 2025

పెదనాన్న గారికి,

ఆరో పేజీ సంగతి చదివాను. మనిషిని పంపాలని మాకెవరికీ తోచలేదండి. అందరం ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం.

పాతది పైన పెట్టాను. నిన్న రాత్రే మార్చాను. హైదరాబాదు స్నేహితురాలు చూసి ‘నీకు పిచ్చా, ఏ యాప్‌లోనూ ఇలా ఉండదు’ అంది. మా పెదనాన్న గారి యాప్‌లో ఇలాగే ఉంటుందన్నాను. కట్ట అన్న పేరు ఖాయం. పాంప్లెట్లు మాత్రం దూర్చనండి. దంతాల డాక్టరు నన్ను క్షమించాలి.

ఇక్కడ రోజంతా కాలేజీలో నలభైమందితో మాట్లాడి వస్తాను. గదికి వచ్చాక ఒక్క మాట మాట్లాడటానికి మనిషి ఉండదు. కృపమ్మ గారు మాత్రం మెట్ల కిందనుంచి ‘అన్నం తిన్నావా అమ్మాయ్’ అని కేకేస్తారు, జవాబు వినకుండానే లోపలికి వెళ్ళిపోతారు. మీరు రోజూ నాలుగున్నరకి కట్ట తీస్తున్నారన్న ఒక్క సంగతి నాకెంత ధైర్యమో మీకు తెలియదు. నేను చేసింది ఎవరో ఒకరు తీస్తున్నారు.

మీ
భార్గవి


వట్లూరు,
19 ఆగస్టు 2025

పెదనాన్న గారూ,

కట్ట విడుదలైందండీ! యాప్‌ల దుకాణంలో పెట్టాను. ఎవరైనా దించుకోవచ్చు. నాలుగు రోజుల్లో నూట ఇరవై ఏడుమంది దించుకున్నారు. ఆ లెక్క దుకాణంవాళ్ళు నాకు రోజూ చూపిస్తారు, ఎందరు దించుకున్నారు, ఎందరు తీసేశారు అని.

మొదటి అభిప్రాయం కూడా వచ్చింది. ఎవరో ‘ఇందులో ఏమీ లేదు’ అని రాసి ఐదు చుక్కలకి ఒక్క చుక్క పెట్టారు. ఏమీ ఉండకూడదనే గదండీ ఎనిమిది నెలలు కష్టపడ్డాను.

సంతోషంగా ఉంది. పక్కన ఎవరూ లేరు గనక మీకు రాస్తున్నాను.

భార్గవి


తాడేపల్లిగూడెం,
27 ఆగస్టు 2025

భార్గవీ,

నూట ఇరవై ఏడు ఇళ్ళంటే తక్కువ కాదు. నేను మొదలుపెట్టినప్పుడు పదకొండు. అందులో రెండు మావాళ్ళవే. ఏమీ లేదు అన్నవాణ్ణి పట్టించుకోకు. మా లైనులో ఒకాయన రోజూ పేపరు మొత్తం చదివి, ‘ఇవాళ ఏమీ లేదయ్యా’ అని నాకు చెప్పేవాడు. ఇరవై ఏళ్ళు చెప్పాడు. ఒక్కరోజు ఆలస్యమైతే వీధి చివరిదాకా వచ్చి నిలబడేవాడు.

సత్యవేదం మాస్టారు పదహారు రోజులుగా రావడం లేదు. ఏమైంది? నీ యాప్ ఆ సంగతి చెప్పదు. వచ్చినవాళ్ళనే చూపిస్తుంది, రానివాళ్ళని చూపించదు. వ్యాను రాకపోతే నేను ప్రతి ఇంటికీ చెప్పేవాణ్ణి, ఇవాళ ఫలానా పేపరు రాలేదండీ అని. రాలేదన్నదీ కబురే. ఆయన్ని కనుక్కో.

నా సంగతి నీకు చెప్పక్కర్లేదు. రోజూ తీస్తున్నాను. ఒక్కరోజు తప్పలేదు. మొన్న దగ్గు ఎక్కువైనా లేచి తీసి పడుకున్నాను, నువ్వు కంగారుపడతావని.

పాండురంగారావు


వట్లూరు,
15 సెప్టెంబరు 2025

పెదనాన్న గారికి,

జవాబు ఆలస్యమైంది. కాలేజీలో పరీక్షలు. సత్యవేదం మాస్టారికి రాశాను. కూతురి పురుడికి ఊరెళ్ళారట. గూడబాతులు రాగానే మళ్ళీ రాస్తానన్నారు. ‘నేను రాయడం లేదని ఒకరు గమనించారా’ అని ఆశ్చర్యపోయారు.

కట్ట సంగతి అంత బాగాలేదు. సగంమంది తీసేశారు. దుకాణంలో ఆ గీత రోజూ కిందికి దిగుతోంది. ఇప్పుడు దాన్ని చూడటం మానేశాను.

దగ్గుకి డాక్టరుకి చూపించుకోండి.

భార్గవి


తాడేపల్లిగూడెం,
9 అక్టోబరు 2025

భార్గవికి,

తొమ్మిది రోజులు.

దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగింది. సెప్టెంబరు ఇరవై ఏడున సత్తిరాజు ఆటోలో వేసి తణుకు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఫోను ఇంట్లో దిండు కింద ఉండిపోయింది. తొమ్మిది రోజులు కట్ట విప్పలేదు. తొమ్మిది రోజులు పేపరు గుమ్మంలో పడి ఉంది. నువ్వు తలుపు కొట్టలేదు.

మూడో రోజు నుంచీ వార్డు తలుపు వైపు చూశాను. ప్యాసింజరు దిగి బస్సెక్కితే ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకున్నాను. నాలుగో రోజు సత్తిరాజుతో అన్నాను, మా అమ్మాయి ఇవాళ వస్తుందిరా, కట్ట తీయలేదని ఈపాటికి చూసి ఉంటుంది అని. ఐదో రోజూ అదే అన్నాను. ఆరో రోజు వాడు మాట మార్చాడు. చెవిటివాణ్ణి గానీ మాట మార్చడం నాకు తెలుస్తుంది.

సత్తిరాజు ఫోన్ చేస్తానన్నాడు. వద్దన్నాను. చెప్పించుకుని వచ్చేదైతే నాకెందుకు?

నాలుగున్నరకి లేవడం నాకు చదువు మీద పిచ్చి ఉండి కాదు. ఉల్లిపాయల ధర తెలుసుకుని నేనేం చేసుకుంటాను? నేను తీస్తే నీకు తెలుస్తుందని తీశాను. ముసలాడు ఇవాళా లేచాడు అని నీకు తెలియడానికి.

నేను సుగుణ టీచరుగారికి ఏమీ కాను. అయినా మూడో రోజు కొట్టాను.

ఫోను సత్తిరాజు చేత పార్సిల్ చేయిస్తున్నాను. నీ చందాదారుల్లో ఒకటి తగ్గించుకో.

పాండురంగారావు


తాడేపల్లిగూడెం, మీ ఇంటి గుమ్మం,
12 అక్టోబరు 2025

పెదనాన్న గారూ,

మీ గడప మీద కూర్చుని రాస్తున్నాను. అరగంట తలుపు కొట్టాను. మీకు వినపడలేదు. సత్తిరాజు గారు ‘లోపలే ఉన్నాడమ్మా, మందులేసుకుని పడుకుంటాడు, వినపడదు’ అన్నారు. కిటికీ కూడా వేసి ఉంది. రేపు పొద్దున్న కాలేజీలో పరీక్ష పెట్టాలి. ఐదింటి బండికి వెళ్ళక తప్పదు.

నాకు తెలియదు పెదనాన్న గారూ. నిజంగా తెలియదు. మీరు తీసినా తీయకపోయినా నాకు కనపడదు. అలా కనపడకుండా చేయడం కోసమే నేను ఇన్ని నెలలు కూర్చున్నది. చీటీలు ఏరుకొచ్చేది మీ చేతిలో ఫోనే. మధ్యలో నేను లేను. ఎవరు ఏం చదువుతున్నారో, ఎప్పుడు చదువుతున్నారో, ఎంతసేపు చదువుతున్నారో పాత కంపెనీలో నాకు అంతా కనపడేది. ఎవరు నిద్రపట్టక అర్ధరాత్రి తెరిచారో కూడా కనపడేది. అది చూసి వాళ్ళకి ఇంకా ఇంకా పెట్టేవాళ్ళం. దాని మీద అసహ్యం పుట్టి కట్టలో ఒక్క కన్నం కూడా ఉంచలేదు. అదే గొప్ప అనుకున్నాను. దుకాణం వాడు చెప్పేది ఎంతమంది అని మాత్రమే, ఎవరు అని కాదు.

మీరు నాలుగున్నరకి తీస్తున్నారని నాకు తెలిసింది మీ ఉత్తరంలో రాస్తేనే. మీరు నా కోసం తీస్తున్నారని నాకు తట్టలేదు. చదువుకోడానికే అనుకున్నాను. మీరు రెండుసార్లు రాశారు. రెండుసార్లూ చదివి ముందుకి వెళ్ళిపోయాను.

కావాలంటే మీ ఒక్క ఫోనులో లెక్క పెడతాను. మీరు తీయగానే నాకు తెలిసేలా. ఒక్క పూట పని. ఫోను తిరిగి తెచ్చాను. తలుపు కింద సందులోంచి లోపలికి తోస్తున్నాను, ఈ కాగితంతో పాటు.

భార్గవి


తాడేపల్లిగూడెం,
18 అక్టోబరు 2025

భార్గవీ,

నాకు వినపడలేదని రాశావు. సరిదిద్దుతున్నాను. చెవిటివాడికి తలుపు అదిరితే తెలుస్తుంది. తలుపు కింద సందులో నీ కాళ్ళ నీడ కనపడింది. మంచం మీద కూర్చుని అరగంట ఆ నీడనే చూశాను. తీయలేదు. నీడ లేచి వెళ్ళిపోయాక తీశాను. వీధి చివర మలుపు తిరుగుతున్నావు. మీ నాన్న నడకే. కేకేశాను. నా కేక నాకే వినపడలేదు, నీకేం వినపడుతుంది.

ఇంతకంటే దీని గురించి రాయను.

లెక్క పెడతానన్నావు. వద్దు. ఒకసారి ఎలక్షన్లప్పుడు ఒక పెద్దమనిషి నా దగ్గరికి వచ్చాడు. ఏ ఇంట్లో ఏ పేపరు చదువుతారో పట్టీ ఇవ్వమన్నాడు, ఎవరు ఎటు ఓటేస్తారో తెలుసుకుందామని. నాకు రాయడం రాదండీ అన్నాను. నోటితో చెప్పు, నేను రాసుకుంటానన్నాడు. మర్చిపోయానండీ అన్నాను. నూట ఇరవై ఇళ్ళు నిద్రలో అడిగినా చెప్పగలను, అయినా అట్లాగే అన్నాను. కాబట్టి నువ్వు చేసింది తప్పు కాదు. ఈ మాట నేను ఇంకోసారి రాయను గనక ఈ కాగితం దాచుకో.

కానీ గుమ్మం చూడటం వేరు, కిటికీలోంచి చూడటం వేరు. నేను గుమ్మం చూశాను. నీ యంత్రానికి గుమ్మం లేదు. అదీ గొడవ.

ఆలోచించాను. తిరగేద్దాం. నువ్వు రోజూ ఒక్క వాక్యం రాసి నా కట్టలో పడేటట్టు పెట్టు. అన్నం ఏం తిన్నావు, వాన పడిందా, ఏదో ఒకటి. నేను తీశానో లేదో నీకు తెలియక్కర్లేదు. నువ్వు వేశావో లేదో నాకు తెలుస్తుంది. నలభై నాలుగేళ్ళు నేను చేసిన పని అదే గదా. కాళ్ళు పోయినా ఈ పని చేయగలను.

నా సంగతికి వారం వారం కార్డు రాస్తాను. కార్డు రాకపోతే వచ్చి తలుపు కొట్టు. ఈసారి తీస్తాను.

పెదనాన్న


వట్లూరు,
2 నవంబరు 2025

పెదనాన్న గారికి,

కాగితం దాచుకున్నాను. కట్టలో ఇప్పుడు మిగిలింది ఇరవై ముగ్గురు. వాళ్ళకోసం ఉంచేస్తాను. మీరన్నట్టు పదకొండు కంటే ఎక్కువే.

పది రోజులుగా వేస్తున్న వాక్యాలు అందుతున్నాయనుకుంటాను. రోజూ పొద్దున్నే ఇవాళ పెదనాన్న గారికి ఏం వేయాలా అని ఆలోచిస్తున్నాను. ‘వంకాయ కూర మాడింది’ అని వేయడానికి సిగ్గేసింది గానీ వేశాను. మీకు తప్ప ఆ సంగతి ప్రపంచంలో ఎవరికీ తెలియదు. చెప్పడానికి ఒక మనిషి ఉంటే కూర మాడినా ఒక సంగతే అవుతుందని ఇప్పుడు తెలిసింది.

ఒకసారి వట్లూరు రండి. మీరు తొక్కనన్నది నాన్న ఇంటి గడప గదండీ, అది ఎప్పుడో అమ్మేశాం. ఇది అద్దె గడప.

మీ
భార్గవి


ఏలూరు, ఆసుపత్రి వరండా,
21 నవంబరు 2025, మధ్యాహ్నం

అమ్మాయ్ భార్గవీ,

ఈ కాగితం ఆయమ్మ చేతికిచ్చి లోపలికి పంపుతున్నాను. నాలుగింటిదాకా ఎవర్నీ రానివ్వరట. ఆడవాళ్ళ వార్డట. చెవులు లేవయ్యా, అరిచి చెప్పు అంటే ఆ కాపలావాడు చేత్తో గడియారం చూపించాడు.

పద్దెనిమిదో తారీఖు నీ వాక్యం పడలేదు. కాలేజీ పనేమో అనుకున్నాను. పందొమ్మిది పడలేదు. ఊరెళ్ళావేమో అనుకున్నాను. ఊరెళ్తే ముందే వేసేదానివి. నిన్న తెల్లారగట్ట నాలుగున్నరకి చూశాను. సత్యవేదం మాస్టారిది పడింది, గూడబాతులు ఆటపాకకి దిగాయట. నీది లేదు. సాయంత్రందాకా ఆ ఫోను చేతిలో పట్టుకునే కూర్చున్నాను. మూడు రోజులు. ఇవాళ తెల్లారి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. సత్తిరాజు ‘ఎక్కడికి బాబాయ్, ఈ మోకాళ్ళతో?’ అన్నాడు. లైనుకి అన్నాను.

ప్యాసింజరులో కూర్చోడానికి చోటు దొరికింది. పూళ్ళ, భీమడోలు, దెందులూరు. ఒక్కో స్టేషనుకీ మీ నాన్న గుర్తొచ్చాడు. ఈ దారిన రెండేళ్ళ కిందట రావలసినవాణ్ణి. రాలేదు. ఎవరి మీద కోపమో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

నీ మెట్లు పద్నాలుగు. ఒక్కో మెట్టు కూర్చుని ఎక్కాను. తలుపుకి తాళం. గుమ్మంలో పేపర్లు, ఒకదాని మీద ఒకటి. కృపమ్మ గారు కిందనుంచి వచ్చి నా మొహం చూసి, ముందు ‘బాగానే ఉందండీ, బాగానే ఉందండీ’ అని చేతులతో చెప్పింది. తర్వాతే చెవి దగ్గర అరిచి డెంగీ అని, ఈ ఆసుపత్రిలో ఉన్నావని చెప్పింది. తెలివైన మనిషి. ఏది ముందు చెప్పాలో ఆవిడకి తెలుసు.

మీ అమ్మ, హిమబిందు బెంగళూరు నుంచి బయల్దేరారట. సాయంత్రానికి వస్తారట. నేను ముందు వచ్చాను. ఈసారి నాకు ఎవరూ కబురు పెట్టలేదు, నా అంతట నేనే తెలుసుకున్నాను. మీ అమ్మ వచ్చాక ఏమన్నా అననీ. పడతాను.

రక్తంలో ఏవో కణాలు పెరుగుతున్నాయని డాక్టరమ్మ కాగితం మీద రాసి చూపించింది. హెడ్డింగు సైజులో రాసింది. చదివాను.

నీ గుమ్మంలో పేపర్లు నాలుగూ తెచ్చాను, ఇవాళ్టిదానితో కలిపి. ఈ కాగితంతో పాటు కట్ట కట్టి పంపుతున్నాను. పాతది పైన పెట్టాను. ఓపిక వచ్చాక అక్కడి నుంచి మొదలుపెట్టు. తొందరేం లేదు.

నేను బయట బెంచీ మీదే ఉంటాను. పిలిస్తే నాకు వినపడదు. ఆయమ్మని పంపి భుజం తట్టించు.

మీ పెదనాన్న